ఎనిమిదమ్మ అప్పీలు

ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది. ఎనిమిదమ్మ ఆడపడుచు కాజాలు కుడుతున్న చొక్కాను ఒళ్లోంచి తీసి పక్కన పెట్టి, కవరు అంచు పళ్లతో చింపి, గుమ్మంలో వెలుతురుకు ఎదురుగా నిలబడింది. ఆ ఇంట్లో మాట్లాడేవాళ్లు మొహం వెలుతురులో పెట్టుకుని మాట్లాడాలి. పెదాలు కనపడితేనే ఎనిమిదమ్మకు మాట అందుతుంది.

ఆడపడుచు ముందు తనలో తాను చదువుకుంది. పెదాలు కదిలీ కదలనట్టు కదిలాయి. ఒకచోట ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ అదే మాట మీదికి వచ్చాయి.

"ఇవ్వం అన్నారా?" అంది ఎనిమిదమ్మ.

"నేనింకా చెప్పందే వదినా."

"చెప్పేశావులే. ఈసారి నోరు తెరిచి చదువు."

ఆడపడుచు చదివింది. "దరఖాస్తుదారు వినికిడి పరీక్షలో అన్ని శబ్దాలకూ, అతి తక్కువ స్థాయి శబ్దాలకు సైతం, చెయ్యెత్తి సక్రమంగా స్పందించారు. సిబ్బంది ప్రశ్నలకు తడుముకోకుండా జవాబులిచ్చారు. కావున వీరికి వినికిడి లోపం లేదని నిర్ధారించి, పింఛను దరఖాస్తును తిరస్కరించడమైనది."

చదివి కాగితం దించింది. ఎనిమిదమ్మ కిటికీ గట్టు మీద చెయ్యి ఆనించి నిలబడి ఉంది. ఆ చేతి మీద మోచేతి దాకా కాలిన మచ్చ, మెరుస్తూ.

"వదినా, నువ్వసలు చెయ్యెందుకెత్తావు?"

"ఎత్తాలి కదా అని."

"ఎత్తమని ఆ అబ్బాయి చెప్పాడా?"

"ఏం చెప్పాడో నాకేం తెలుసు. వంగి రాసుకుంటూ చెప్పాడు. నెత్తిన సుడి కనపడింది, నోరు కనపడలేదు."

ఆడపడుచుకు నవ్వు రాబోయింది. వదిన మొహం చూసి మింగేసింది.

ఎనిమిదమ్మ అసలు పేరు దరఖాస్తు కాగితాల మీద మాత్రమే ఉంది. మరమగ్గాల షెడ్డులో ఎనిమిదో నంబరు మగ్గం ఆమెది. ముప్ఫై ఏళ్లు దాని ముందే నిలబడింది. అక్కడ అందరూ నంబర్లే. ఏడమ్మ, పదకొండమ్మ, పద్నాలుగమ్మ. ఆ పిలుపులు ఇళ్లకు కూడా వెంట వచ్చేశాయి. భర్త ఉన్నంతకాలం ఆయన కూడా "ఏమే ఎనిమిదీ" అనే పిలిచేవాడు.

షెడ్డులో ఇరవై నాలుగు మగ్గాలు. ఒక్కో మగ్గంలో పోగును మోసే నాడె అటు కొట్టి ఇటు కొట్టి, క్షణం ఊరుకోదు. అన్నీ ఒక్కసారి నడుస్తుంటే చప్పుడు చెవుల్లో కాదు, దవడల్లో ఉంటుంది. పళ్లు అదురుతాయి. అక్కడ గొంతు పనికిరాని వస్తువు. కొత్తగా చేరిన పిల్ల మొదటి వారం అరుస్తుంది, రెండో వారం గొంతు పోగొట్టుకుంటుంది, మూడో నెలకు పెదాలు చదవడం నేర్చుకుంటుంది. ఆ తర్వాత అక్కడ నడవని మాటంటూ లేదు. ఎవరింట్లో పెళ్లి కుదిరిందో, ఎవరి మొగుడు తాగొచ్చాడో, మేనేజరు చొక్కా గుండీ ఎక్కడ ఊడిందో, అన్నీ నాలుగు వరసల అవతలికి గాలి ఖర్చు లేకుండా వెళ్లిపోయేవి. మేనేజరు మధ్యలో నిలబడి ఉండగా ఆయన గురించే మాట్లాడుకుని, మొహాలు బిగపట్టుకుని పోగులు ముడి వేసుకునేవాళ్లు.

ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. ఆగిన మగ్గాన్ని ఎవరు నడపబోయినా ముందు పిడి మీద చెయ్యి వేసి ఆగాలి. ఎదురుగా ఉన్న మనిషి ఆ చేతిని చూసి తన చెయ్యి పైకెత్తాలి. చూశాను, నా వేళ్లు బయటే ఉన్నాయి అని దాని అర్థం. ఎత్తకపోతే పిడి లాగకూడదు. ఒకసారి ఎత్తకముందే లాగినందుకు పద్నాలుగమ్మకు రెండు వేళ్లు లేవు. అప్పటినుంచీ ఎదుటి చెయ్యి కదిలిందంటే వీళ్ల చెయ్యి దానంతటదే లేస్తుంది. ఇంట్లో ఆడపడుచు దీపం మీట నొక్కబోయినా ఎనిమిదమ్మ చెయ్యి లేచేది.

చెవులు ఎప్పుడు పోయాయో ఆమెకు తెలియదు. ముందు గాజుల చప్పుడు పోయింది. తర్వాత పాలు పొంగే చప్పుడు పోయింది. ఒక ఏడాది వాన చప్పుడు లేకుండా కురిసింది. షెడ్డులో చెవుల అవసరం ఎవరికీ లేదు కనక ఎవరూ గమనించలేదు, ఆమెతో సహా. రెండేళ్ల కిందట ఒక మోటారు దగ్గర దూది ధూళి అంటుకుని సైరను మోగింది. ఒకరినొకరు చూసుకుని అందరూ పరిగెత్తారు. ఎనిమిదమ్మ వెనక్కి తిరిగి, తెగిన పోగు ముడి వేస్తోంది. ముడి వేసి తిరిగేసరికి షెడ్డంతా పొగ, ఒక్క మనిషీ లేడు. మెకానిక్ వచ్చి జబ్బ పట్టి లాక్కుపోయాడు. మరుసటి వారం మేనేజరు ఆమెను పిలిచి, "నీకేమైనా అయితే నా మెడకు చుట్టుకుంటుందమ్మా" అని పంపేశాడు. పని మానేసిన కారణం దగ్గర "సొంత కారణాలు" అని రాశాడు. సంతకం పెట్టాక గాని ఆమె అది చదవలేదు.

ఆ తర్వాత ఒక క్యాంటీనులో గిన్నెలు తోమే పని. మరిగే నీళ్ల గుండిగతో వెనకనుంచి వస్తూ వంటమనిషి తప్పుకోమని అరిచాడట. ఒకసారి కాదు, మూడుసార్లు అరిచానని అతనే ఆస్పత్రిలో చెప్పాడు, కళ్లనీళ్లు పెట్టుకుని. ఆ పనీ అయిపోయింది. పింఛను వస్తే ఇంట్లో ఆమె అన్నం ఆమెది అవుతుంది. రాకపోతే, గుండీల చొక్కాల మీద వంగి వంగి ముందే మెడ పట్టేసిన ఆడపడుచు ఇంకెన్నాళ్లు ఇద్దరినీ లాగుతుంది? ఇద్దరూ పైకి అనుకోని మాట ఇదే.

పరీక్ష రోజు గుర్తొస్తే ఇప్పుడు ఆమెకు ఒళ్లు మండుతోంది. చిన్న గది. చెవులకు బరువైన తొడుగులు పెట్టారు. అద్దం అవతల ఆ అబ్బాయి పక్కకు తిరిగి కూర్చుని ఉన్నాడు. బొటనవేలు మీట మీద ఉంది. వేలు కదిలింది. ఆమె చెయ్యెత్తింది. మళ్లీ కదిలింది. మళ్లీ ఎత్తింది. ఒక్కటి కూడా తప్పిపోనివ్వలేదు. చివర అతను తొడుగులు తీసి నవ్వుతూ, "చాలా బాగా చేశారమ్మా" అన్నాడు. ఆ మాట పెదాల మీద స్పష్టంగా కనపడింది. ఇంటికొచ్చి ఆడపడుచుతో సంబరంగా చెప్పింది కూడా, పరీక్షలో బాగా చేశానన్నాడే అని.

"బాగా చేశానట" అంది ఎనిమిదమ్మ కిటికీ దగ్గరనుంచి. "నవ్వుతూ చెప్పాడు. నా బతుకు మీద మట్టి పోస్తూ నవ్వాడు."

"ఆ పిల్లాడికేం తెలుసు వదినా."

"తెలియనివాడు ఆ కుర్చీలో ఎందుకు కూర్చోవాలి? మొహం ఎత్తి చెబితే వాడి సొమ్మేం పోయింది? చెవిటివాళ్లు వచ్చే గదిలో వంగి మాట్లాడతాడా?"

ఆడపడుచు కాగితం మళ్లీ ఎత్తింది. కాగితం అడుగున చిన్న అక్షరాలున్నాయి. వాటిని వేలితో చూపించింది. నిర్ణయంతో ఏకీభవించనివారు ముప్ఫై రోజుల్లోగా దిగువ నంబరుకు స్వయంగా ఫోన్ చేసి అప్పీలు నమోదు చేసుకోవాలి.

ఎనిమిదమ్మ వంగి ఆ వాక్యం చదివింది.

"ఫోనా" అంది ఎనిమిదమ్మ.

మర్నాడు ఆఫీసుకు వెళ్లారు. కౌంటరుకు మందపాటి అద్దం, అద్దం వెనక మైకు, మైకు వెనక ఒక మనిషి. మైకు సరిగ్గా అతని నోటికి అడ్డంగా ఉంది.

"ఆ మైకు కొంచెం పక్కకు జరుపు నాయనా" అంది ఎనిమిదమ్మ. "నీ నోరు కనపడాలి."

అతను మైకును ఇంకా దగ్గరికి లాక్కుని ఏదో అన్నాడు.

"ఫోన్‌లోనే చెయ్యాలంటున్నాడు వదినా, రూలట" అంది ఆడపడుచు.

"చెవుడని చెప్పుకోవడానికి ఫోనేమిటని అడుగు."

ఆడపడుచు అడిగింది. అతను భుజాలెగరేసి, మైకు పక్కనుంచి తల బయటికి పెట్టాడు. అప్పుడు కనపడింది నోరు. "ఆ రూలు నేను పెట్టానా?" అంటోంది.

"నువ్వు పెట్టలేదు. నువ్వు కాపలా కాస్తున్నావు" అంది ఎనిమిదమ్మ. తన గొంతు ఎంత పెద్దదో ఆమెకు తెలియదు. హాల్లో బెంచీల మీద ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

ఫోన్ ఇంట్లోంచే చేశారు. ఆడపడుచు మాట్లాడబోతే, దరఖాస్తుదారే మాట్లాడాలని అవతలి పిల్ల పట్టుబట్టింది. ఆమెకు వినపడదు తల్లీ, గొడవే అది కదా అంటే, అర్థమైంది మేడమ్, ఆమెకు ఇవ్వండి అంది. చివరికి ఇద్దరూ మంచం మీద చెంపకు చెంప ఆనించి కూర్చున్నారు. ఫోన్ ఆడపడుచు చెవి దగ్గర. అవతల ప్రశ్న వస్తే ఆడపడుచు మొహం తిప్పి గొంతు లేకుండా పెదాలతో అడిగేది. ఎనిమిదమ్మ ఫోన్‌లోకి జవాబు చెప్పేది. పేరు, పుట్టిన ఏడు, చిరునామా, దరఖాస్తు నంబరు. అరగంట పట్టింది. పెట్టేశాక ఇద్దరికీ మెడలు పట్టేశాయి.

"ఇది చూస్తే ఎవరైనా మనం ముద్దులాడుకుంటున్నామనుకుంటారు" అంది ఆడపడుచు.

ఎనిమిదమ్మ నవ్వింది. ఉత్తరం వచ్చాక నవ్వడం అదే మొదలు. పని అయిందనుకుంది.

విచారణకు పిలుపు రెండు నెలలకు వచ్చింది.

మూడో అంతస్తులో పొడుగాటి గది. గదికీ వరండాకూ మధ్య నడుము ఎత్తునుంచి పైదాకా అద్దం. అద్దానికి తెర ఉంది కాని తాడు తెగి ఒక మూలకు వేలాడుతోంది. బల్ల వెనక ముగ్గురు. మధ్యలో అధ్యక్షుడు, ఆయన మీసాలు పై పెదవిని పూర్తిగా కప్పి కింది పెదవి మీదికి దిగి ఉన్నాయి. ఆయనకు కుడిపక్క చెవుల డాక్టరమ్మ. ఎడమపక్క పింఛన్ల ఆఫీసరు, నున్నగా గీసిన మొహం. మాటకు మాట స్పష్టంగా పలికే నోరు.

అధ్యక్షుడు ఏదో అడిగాడు. మీసాలు కదిలాయి. ఎనిమిదమ్మకు ఒక్క ముక్క అందలేదు. ఆడపడుచు వెనకనుంచి అందించబోతే, సాయంగా వచ్చినవాళ్లు మాట్లాడకూడదని ఆఫీసరు వేలు చూపించాడు.

"అయ్యా, తప్పుగా అనుకోకండి" అంది ఎనిమిదమ్మ. "ఆ మీసం కాస్త పైకి పట్టుకుని అడగండి."

డాక్టరమ్మ గబుక్కున తల దించుకుంది. అధ్యక్షుడు ఒక్క క్షణం ఆలోచించి, పెన్నుతో మీసాన్ని పైకెత్తి పట్టుకున్నాడు. చెడ్డ మనిషి కాదు. "మీకు ఎన్నేళ్లనుంచి వినపడటం లేదు?" అన్నాడు.

"తెలియదండీ. షెడ్డులో ఎవరికీ తెలియదు."

ఆఫీసరు ఫైలు తిప్పాడు. "ఇప్పుడు మీరు సార్ అడిగినదానికి జవాబు చెప్పారు."

"పెదాలు చూసి చెప్పాను."

"పరీక్షలో అన్ని శబ్దాలకూ చెయ్యెత్తారు."

"ఆ అబ్బాయి వేలు చూసి ఎత్తాను." మగ్గం సంగతి, పిడి సంగతి, పద్నాలుగమ్మ వేళ్ల సంగతి చెప్పింది. ఆఫీసరు ఓపిగ్గా విన్నాడు. వినడం అయ్యాక ఇంకో కాగితం తీశాడు.

"రెండు నెలల కిందట, పదకొండో తేదీన, మీరు మా కేంద్రానికి ఫోన్ చేసి ఇరవై తొమ్మిది నిమిషాలు మాట్లాడారు. ప్రతి ప్రశ్నకూ స్వయంగా జవాబిచ్చారు. రికార్డు ఉంది. ఫోన్‌లో ఎవరి పెదాలు చూశారు?"

ఫోన్ చెయ్యకపోతే అప్పీలు లేదన్నారు. చేస్తే చెవులున్నాయంటున్నారు. వెనక కుర్చీ కదిలిన అదురు కాళ్ల కింద తెలిసింది. తిరిగి చూస్తే ఆడపడుచు లేచి నిలబడి ఉంది. "నా పెదాలు సార్" అంటోంది. "నా పెదాలు చూసింది. మీ పిల్ల నన్ను మాట్లాడనివ్వలేదు."

"మీరు కూర్చోండి" అన్నాడు ఆఫీసరు. "సరే. గోడవైపు తిరిగి కూర్చోమనండి ఆమెను. వెనకనుంచి మాట్లాడతాం. చూద్దాం."

ఎనిమిదమ్మ కుర్చీ తిప్పుకుని గోడవైపు కూర్చుంది. సున్నం పెచ్చు లేచి ఒక బొమ్మలా ఉంది. దాన్ని చూస్తూ కూర్చుంది. వెనక మాట్లాడుతున్నారో, ఊరుకున్నారో, నవ్వుతున్నారో. ఏం చేస్తే వాళ్లు నమ్ముతారో తెలియదు. కదిలితే విన్నావంటారు. కదలకపోతే నటిస్తున్నావంటారు. ముప్ఫై ఏళ్లు పదిమందికి గుడ్డ నేసి ఇచ్చిన మనిషి, తప్పు చేసిన బడిపిల్లలాగా గోడ చూస్తూ కూర్చుంది. భుజం మీద చెయ్యి పడేసరికి ఉలిక్కిపడింది. డాక్టరమ్మ.

ముగ్గురూ మాట్లాడుకోవాలి, బయట ఉండమన్నారు.

వరండాలో ఆడపడుచు తలుపు మూసుకున్నాక దాని చీలికకు చెవి ఆనించింది. కాసేపు అలాగే ఉండి పెదవి విరిచింది. మందపాటి తలుపు. ఎనిమిదమ్మ అద్దం దగ్గర నిలబడింది. దాక్కోలేదు. లోపలివాళ్లకు ఆమె కనపడుతూనే ఉంది. చెవిటిదని నమ్మనివాళ్లు కూడా, తలుపు మూసి ఉందన్న ధైర్యంతో, అద్దం వైపు మొహాలు పెట్టే మాట్లాడుకుంటున్నారు.

అధ్యక్షుడి మీసాలు కదిలాయి. ఆ మాట ఆమెకు అందకుండా పోయింది. డాక్టరమ్మ అంది: "తీగల పరీక్ష రాద్దాం. తలకు తీగలు పెట్టి పడుకోబెడితే మెదడే చెబుతుంది, వినపడుతోందో లేదో. ఆమె చెయ్యెత్తక్కర్లేదు."

ఆఫీసరు అన్నాడు: "రాయకండి మేడమ్. ఇది ఒక్కామెతో అయిపోదు. ఆ షెడ్డులో ఆడవాళ్లందరికీ చెవులు పోయే ఉంటాయి. ఈమెకిస్తే రేపు షెడ్డంతా మన మెట్ల మీద కూర్చుంటుంది. వినికిడికి రుజువు ఉంది, లేమికి రుజువు లేదు అని రాసి మూసేద్దాం. ఇంకా పదమూడు ఫైళ్లున్నాయి."

డాక్టరమ్మ చేతిలో పెన్ను తిప్పింది. గడియారం చూసింది. "సరే, మీ ఇష్టం" అంది. పెన్ను మూత తీసింది.

ఎనిమిదమ్మ తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. ఎవరూ పిలవలేదు.

"రాసే ముందు ఒక మాట" అంది. పెద్ద గొంతుతో అంది. కిటికీ రెక్క అదిరిందని ఆడపడుచు తర్వాత చెప్పింది. "షెడ్డులో ఆడవాళ్లందరికీ చెవులు పోయే ఉంటాయన్నారు మీరు. మీకు తెలుసన్నమాట. తెలిసే గోడవైపు తిరిగి కూర్చోమన్నారు. నాకిస్తే షెడ్డంతా మీ మెట్ల మీద కూర్చుంటుందన్నారు. వినికిడికి రుజువుంది, లేమికి లేదని రాసి మూసేద్దామన్నారు. ఇంకా పదమూడు ఫైళ్లున్నాయన్నారు. ఏమమ్మా డాక్టరమ్మా, మీరు తీగల పరీక్ష రాద్దామని, తర్వాత గడియారం చూసి, సరే మీ ఇష్టం అన్నారు. ఇందులో నేనేమైనా కలిపానా?"

డాక్టరమ్మ పెన్నుకు మూత పెట్టేసింది. ఆఫీసరు నోరు తెరిచాడు.

"తలుపు దగ్గర పొంచి విన్నారు."

"చెవి పెట్టింది నేను సార్" అంది ఆడపడుచు గుమ్మంలోంచి. "నా చెవులు భేషుగ్గా ఉన్నాయి. అదేదో గుసగుస తప్ప ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు."

డాక్టరమ్మ లేచింది. మొహం ఎర్రబడి ఉంది. ఆఫీసరును వరండాలోకి వెళ్లి ఎనిమిదమ్మ పక్కన నిలబడమంది. ఆయన అధ్యక్షుడివైపు చూశాడు. అధ్యక్షుడు తలుపు చూపించాడు. ఆఫీసరు, ఎనిమిదమ్మ, ఆడపడుచు బయటికి వచ్చారు, తలుపు మూశారు. అద్దం అవతల డాక్టరమ్మ ఒక్కతే నిలబడి, ఎనిమిదమ్మ కళ్లలోకి చూస్తూ మాట్లాడింది.

"ఏమంటోంది?" అన్నాడు ఆఫీసరు. అనేసి, ఆమెకు పెదాలు చదవడం వచ్చని తానే ఒప్పుకున్నట్టయిందని గ్రహించి గొంతు సవరించుకున్నాడు.

ఎనిమిదమ్మ అద్దం మీదినుంచి చూపు తిప్పలేదు. ఆయన అడిగింది ఆమెకు తెలియలేదు. డాక్టరమ్మ ముగించాక తనంతట తానే చెప్పింది. "పరీక్ష చేసిన అబ్బాయికి పని నేర్పింది తనేనట. మొహం ఎత్తి చెప్పాలని నేర్పలేదట. సంతకం పెట్టబోయింది కూడా తప్పేనట. తనకు సిగ్గుగా ఉందంటోంది."

లోపలికి వెళ్లాక ఆఫీసరు ఇంకా వదల్లేదు. "పెదాలు చదవడం వస్తే చెవుడున్నట్టేనా? రెండూ వేరు" అన్నాడు.

"వేరే" అంది డాక్టరమ్మ. "అందుకే తీగల పరీక్ష రాస్తున్నాను. మీరు వద్దంటే, ఎందుకు వద్దన్నారో కూడా రాస్తాను. ఆమె చెప్పిన మాటల్లోనే."

ఆయన ఫైలు మూశాడు.

తీగల పరీక్షకు మూడు నెలలు ఆగాల్సి వచ్చింది. ఆ మూడు నెలల్లో ఎనిమిదమ్మ కోపం చల్లారలేదు. గుండీలు కుట్టడం నేర్చుకుని సూదితో వేలు పొడుచుకున్నప్పుడల్లా ఆఫీసరును ఒక మాట అనేది. పరీక్ష రోజు నుదుటికీ చెవుల వెనకా చల్లటి జిగురు రాసి తీగలు అంటించి కళ్లు మూసుకోమన్నారు. ఈసారి చెప్పిన అమ్మాయి ఎదురుగా నిలబడి, మొహం చూపించి చెప్పింది. ఎనిమిదమ్మ గంటసేపు పడుకుంది. మధ్యలో నిద్రపోయింది.

ఫలితం రెండు చెవులకూ కలిపి డెబ్బై ఆరు శాతం. పింఛను మంజూరైంది. దరఖాస్తు పెట్టిన నాటినుంచి కాదు, అప్పీలు తీర్పు నాటినుంచి అని రాశారు. తిప్పిన ఏడాది తిప్పినట్టే పోయింది.

"పోనీలే వదినా, వచ్చింది కదా" అంది ఆడపడుచు.

"వచ్చింది. నాకు వచ్చింది" అంది ఎనిమిదమ్మ. చెప్పులేసుకుంది.

షెడ్డుకు వెళ్లేసరికి మధ్యాహ్నం విరామం. మగ్గాలన్నీ ఆపి ఉన్నాయి. పెద్ద తలుపు బయట మెట్ల మీద పదకొండు మంది వరసగా, వీధివైపు మొహాలు పెట్టి కూర్చుని డబ్బాలు విప్పుకుని తింటున్నారు. ఎనిమిదమ్మ పక్క సందులోంచి లోపలికి వెళ్లి వాళ్ల వెనకనుంచి వచ్చింది. నాలుగడుగుల దూరంలో ఆగింది.

"ఏడమ్మా" అని పిలిచింది. ఉన్న గొంతంతా పెట్టి పిలిచింది.

ఇద్దరు తిరిగారు. ఇద్దరూ ఈ ఏడు చేరిన పిల్లలు. మిగతా తొమ్మిది మందీ తింటూనే ఉన్నారు. ఏడమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఏడమ్మా. పదకొండమ్మా. పద్నాలుగమ్మా."

పద్నాలుగమ్మ మిగిలిన మూడు వేళ్లతో డబ్బా మూత బిగిస్తోంది. తిరగలేదు.

ఎనిమిదమ్మ మెట్లు దిగి వాళ్ల ముందుకు వచ్చి నిలబడింది. అందరి మొహాలూ వెలిగాయి. ఎప్పుడొచ్చావు, చిక్కిపోయావేమిటే అని పెదాలన్నీ ఒక్కసారే కదిలాయి.

"నాలుగుసార్లు పిలిచాను మిమ్మల్ని" అంది ఎనిమిదమ్మ. "వెనకనుంచి. అరిచాను."

"పో, అబద్ధాలు" అంది ఏడమ్మ నవ్వుతూ. "నువ్వు అరిస్తే వినపడదా నాకు?"

ఎనిమిదమ్మ ఆ కొత్త పిల్లలిద్దరివైపు చూసింది. ఆమె చూపు వెంటే అందరూ అటు చూశారు. పిల్లలిద్దరూ బెదిరిపోయి, అవును, అరిచింది అని తలలూపారు. ఏడమ్మ నవ్వు మొహం మీదే ఉండిపోయింది, దాన్ని ఏం చెయ్యాలో తెలియక. పద్నాలుగమ్మ చెవి మీద చెయ్యి పెట్టుకుంది.

ఎనిమిదమ్మ సంచీలోంచి దరఖాస్తు కాగితాలు తీసింది. ఎన్నుంటే అన్ని తెచ్చింది. ఒక్కొక్కరి ఒళ్లో ఒకటి పెడుతూ, గొంతు వాడకుండా, షెడ్డు మాటలో చెప్పుకుంటూ పోయింది. పరీక్షలో అద్దం అవతలి చెయ్యి చూడొద్దు. కళ్లు మూసుకోండి. చెయ్యి దానంతటది లేస్తే ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. ఫోన్ చెయ్యమంటారు, చెయ్యొద్దు, కాగితం మీద రాసి ముద్ర వేయించుకోండి. తీగల పరీక్షని అడగండి, లేదంటే ఉంది అనండి. ఒక్కొక్కరుగా వెళ్లొద్దు.

మేనేజరు ఆఫీసు గదిలోంచి వచ్చాడు. మెట్ల పైన నిలబడ్డాడు. కొత్త పిల్లలిద్దరూ గబగబా డబ్బాలు సర్దుకున్నారు. దాన్ని బట్టి ఆయన ఏదో అంటున్నాడని ఎనిమిదమ్మకు తెలిసింది. ఎందుకొచ్చావనో, కాగితాలేమిటనో, గేటు బయటికి నడవమనో. ఆమె ఆయన వైపు తల ఎత్తలేదు. తొమ్మిది మంది ఆడవాళ్లు ఆయనకు వీపులు పెట్టి, ఆమె మొహం వైపు చూస్తున్నారు.

"మళ్లీ చెబుతాను" అంది ఎనిమిదమ్మ పెదాలతో. "మొదటినుంచి."